కంటైనర్ గోడ ఎక్కడుంది? ప్రాసెస్ గ్రూపును కెర్నల్ వెతికే తీరు

ఒక సర్వర్ మీద రెండు టెర్మినల్ విండోలు తెరిచి ఉన్నాయనుకుందాం. ఒకటి హోస్ట్‌ది, అంటే అసలు యంత్రానిది. ఇంకోటి కంటైనర్ (అదే యంత్రంలో కొన్ని ప్రోగ్రాములను విడిగా ఉంచి నడిపే ఏర్పాటు) లోపలిది. లోపలి విండోలో, నడుస్తున్న ప్రోగ్రాములను (ప్రాసెస్‌లను) చూపే పీఎస్ ఆదేశం కొడితే, పనిచేస్తున్న ప్రాసెస్ గ్రూపు (ప్రాసెస్‌ల కట్ట) నంబరు 12 అని వస్తుంది. అదే గ్రూపు హోస్ట్ విండోలో 5333గా కనబడుతుంది. కంటైనర్ లోపలి నుంచి 12వ గ్రూపుకు ‘ఆగిపో’ అని చెప్పే టెర్మ్ సిగ్నల్ పంపితే పని ఆగిపోతుంది. అక్కడి నుంచే 5333కు పంపితే ‘అలాంటి ప్రాసెస్ లేదు’ అని జవాబు వస్తుంది. గ్రూపు ఒక్కటే, అందులోని ప్రాసెస్‌లూ అవే. మారిందల్లా అడిగినవాళ్ళు ఎక్కడ నిలబడి అడిగారన్నదే.

కంటైనర్లను నడిపే డాకర్, కుబర్నెటిస్ వాడేవాళ్ళకు ఈ తేడా రోజూ తగిలేదే. అయినా దీని వెనకున్న ఏర్పాటు చాలామందికి అయోమయంగానే ఉంటుంది. కంటైనర్ చుట్టూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఒక గోడ కట్టిందని, లోపలివాళ్ళు ఏం చేయబోయినా ఆ గోడ దగ్గర తనిఖీ జరుగుతుందని అనుకుంటారు. లినక్స్‌లో అలాంటి ఒక్క గోడ అంటూ ఏమీ లేదు.

## క్లుప్తంగా

లినక్స్‌లో ప్రాసెస్‌ల మధ్య ఎడబాటు చాలావరకు ఒకే చోట జరుగుతుంది: నంబరు ఇచ్చి ‘ఇది ఎవరు’ అని అడిగినప్పుడు, కెర్నల్ ఆ నంబరును అడిగినవాళ్ళ నేమ్‌స్పేస్‌లో, అంటే వాళ్ళకు కనబడే నంబర్ల పరిధిలో మాత్రమే వెతుకుతుంది. అక్కడ దొరకనిదాన్ని తాకడం కుదరదు. నంబరుతో పని లేకుండా గ్రూపును చేరుకునే దారులు కూడా కెర్నల్‌లో ఉన్నాయి. వాటి విషయంలో ఆ కాపలాను విడిగా పెట్టాలి. 2008లో ఒకసారి, 2015లో మరోసారి సరిదిద్దిన లోపాలు ఆ దారుల్లోవే. యూనిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్ ఇదే సమస్యను వేరే పద్ధతిలో పరిష్కరించాయి.

## గ్రూపు ఎందుకు పుట్టింది

షెల్‌లో ఒక లైను కొట్టి, పైపులతో మూడు ప్రోగ్రాములను కలిపి నడిపితే, అవి మూడు వేర్వేరు ప్రాసెస్‌లు. వాడేవాళ్ళ దృష్టిలో మాత్రం అది ఒకే పని. కంట్రోల్-సి నొక్కితే మూడూ కలిసి ఆగాలి. మూడింటినీ ఒక కట్టగా చూపించే ఏర్పాటే ప్రాసెస్ గ్రూపు. 1980ల మొదట్లో బీఎస్‌డీ యూనిక్స్‌లో జాబ్ కంట్రోల్‌తో పాటు ఇది ఇప్పుడున్న రూపానికి వచ్చింది. 1988 నాటి పోసిక్స్ ప్రమాణం దానిపైన సెషన్ అనే ఇంకో పొర పెట్టింది. కొన్ని ప్రాసెస్‌లు కలిస్తే గ్రూపు, కొన్ని గ్రూపులు కలిస్తే సెషన్, సెషన్‌కు ఒక టెర్మినల్.

గ్రూపుకు విడిగా పేరేమీ ఉండదు. దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్ నంబరే గ్రూపు నంబరు అవుతుంది. ఆ మొదటి ప్రాసెస్ ముగిసిపోయినా, గ్రూపులో ఇంకెవరైనా మిగిలి ఉన్నంతకాలం ఆ నంబరును కెర్నల్ వేరేవాళ్ళకు ఇవ్వదు. ఇంటి పెద్ద పోయినా ఇంటిపేరు నిలిచినట్టే.

ఇదంతా ఒక యంత్రానికి ఒకే నంబర్ల వరుస ఉన్న రోజుల నాటి లెక్క. ఆ రోజుల్లో 12 అంటే యంత్రం మొత్తానికీ ఒకటే 12. గ్రూపును వెతకడమంటే ఒకే పట్టికలో ఒక నంబరు చూడటం, అంతకుమించి ఆలోచించాల్సిందేమీ లేదు.

## ఒకే ప్రాసెస్, ఎన్నో నంబర్లు

2008 జనవరిలో వచ్చిన లినక్స్ 2.6.24 ఆ లెక్కను మార్చేసింది. పీఐడీ (ప్రాసెస్ నంబరు) నేమ్‌స్పేస్ అనే ఏర్పాటు కెర్నల్‌లో చేరింది. కొత్త నేమ్‌స్పేస్‌లో పుట్టిన మొదటి ప్రాసెస్‌కు అక్కడ నంబరు 1. ఆ తర్వాత పుట్టినవాటికి 2, 3, 4. బయటి నేమ్‌స్పేస్‌లో ఇవే ప్రాసెస్‌లకు వేరే నంబర్లు ఉంటాయి. నేమ్‌స్పేస్ లోపల ఇంకో నేమ్‌స్పేస్, దాని లోపల మరొకటి, ఇలా 32 అంతస్తుల దాకా వెళ్ళవచ్చు.

మన ఊళ్ళలో 4-12 అనే ఇంటి నంబరు ఏ ఊరికి వెళ్ళినా ఒకటి కనిపిస్తుంది. ఉత్తరం మీద ఊరి పేరు రాయకుండా 4-12 అని మాత్రం రాస్తే, అది చేతికొచ్చిన పోస్ట్‌మ్యాన్ తన ఊళ్ళోని 4-12కే ఇచ్చి వస్తాడు. పీఐడీ నేమ్‌స్పేస్‌లో నంబరు సంగతీ ఇంతే. ఊరి పేరు జోడిస్తేనే నంబరుకు అర్థం.

ఈ జంటను కెర్నల్ దాచుకునే చోటు స్ట్రక్ట్ పిడ్ అనే నిర్మాణం. ఒక ప్రాసెస్ మూడో అంతస్తులో పుడితే, ఆ అంతస్తు నుంచి అడుగున ఉన్న హోస్ట్ దాకా ప్రతి నేమ్‌స్పేస్‌లోనూ దానికి ఒక నంబరు కేటాయిస్తారు. అవన్నీ ఒకే స్ట్రక్ట్ పిడ్ లోపల వరుసగా ఉంటాయి. ప్రతి గడిలోనూ నంబరు ఒకటి, అది ఏ నేమ్‌స్పేస్‌దో చెప్పే గుర్తు ఒకటి. అదే నిర్మాణానికి ఇంకోవైపు జాబితాలు తగిలించి ఉంటాయి: దీన్ని ప్రాసెస్ నంబరుగా వాడేవాళ్ళు, గ్రూపు నంబరుగా వాడేవాళ్ళు, సెషన్ నంబరుగా వాడేవాళ్ళు.

అంటే కెర్నల్ కడుపులో గ్రూపు అనేది నంబరు కాదు, ఒక వస్తువు. ఆ వస్తువుకు లోకం ముందు ఎన్ని పేర్లున్నా వస్తువు ఒక్కటే. నంబరు అనేది బయటి ప్రోగ్రాముకూ కెర్నల్‌కూ మధ్య ఉన్న గడప దగ్గర మాత్రమే కావాలి. లోపలికి వచ్చేటప్పుడు నంబరును వస్తువుగా, బయటికి వెళ్ళేటప్పుడు వస్తువును నంబరుగా మార్చాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగే చోట్లలో ఈ గడప ఒకటి.

## వెతుకులాటే గోడ

లోపలికి వచ్చే దారిలో పనిచేసేది ఫైండ్_వీపిడ్ అనే చిన్న ఫంక్షన్. పేరులోని ‘వీ’ వర్చువల్‌కు గుర్తు. ఇచ్చిన నంబరును ఇది, ఈ క్షణాన కెర్నల్‌ను పిలిచిన ప్రాసెస్ నేమ్‌స్పేస్‌కు చెందిన పట్టికలో మాత్రమే చూస్తుంది. దొరికితే స్ట్రక్ట్ పిడ్ ఇస్తుంది, లేకపోతే ఖాళీ చేతులు చూపిస్తుంది. మొదట్లో నంబరునూ నేమ్‌స్పేస్‌నూ కలిపి వెతికే ఒకే ఉమ్మడి హాష్ పట్టిక ఉండేది. లినక్స్ 4.15 నుంచి ప్రతి నేమ్‌స్పేస్‌కూ సొంత పట్టిక వచ్చింది.

గ్రూపుకు సిగ్నల్ పంపే కిల్, గ్రూపులో చేరే సెట్‌పీజీఐడీ, టెర్మినల్ ముందుకు ఒక గ్రూపును తెచ్చే టీఐఓసీఎస్‌పీజీఆర్‌పీ, గ్రూపు ప్రాధాన్యం మార్చే సెట్‌ప్రయారిటీ, డిస్క్ ప్రాధాన్యం మార్చే ఐఓప్రయో_సెట్, ఇవన్నీ గ్రూపు నంబరు చేతికి రాగానే ఈ ఫంక్షన్‌నే పిలుస్తాయి. కంటైనర్‌లోని ప్రాసెస్ హోస్ట్‌లోని 4200వ గ్రూపులో చేరాలని చూస్తే, ముందు 4200 అనే పేరు తన నేమ్‌స్పేస్‌లో దొరకాలి. దొరకదు కాబట్టి కథ అక్కడితో ఆగుతుంది.

గమనించాల్సిన సంగతి దీని తర్వాతే ఉంది. వస్తువు ఒకసారి చేతికి చిక్కాక, ‘ఇది నీ నేమ్‌స్పేస్‌దేనా’ అని ఎవరూ మళ్ళీ అడగరు. గ్రూపులోని ఒక్కో ప్రాసెస్ దగ్గరికి వెళ్ళి సిగ్నల్ పంపేటప్పుడు జరిగే తనిఖీ ముఖ్యంగా యూజర్ ఐడీ గురించి, అధికారాల గురించే. యూజర్ నేమ్‌స్పేస్ (యూజర్ ఐడీలను కూడా విడదీసే ఏర్పాటు) పెట్టకుండా నడిపే కంటైనర్‌లో రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అంటే హోస్ట్ రూటే. డాకర్ మామూలుగా కంటైనర్‌కు వదిలిపెట్టే అధికారాల్లో, ఏ యూజర్ ప్రాసెస్‌కైనా సిగ్నల్ పంపనిచ్చే క్యాప్_కిల్ కూడా ఒకటి. అలాంటప్పుడు యూజర్ ఐడీ తనిఖీ అడ్డం పడదు. మిగిలిన అడ్డు ఏదైనా ఉంటే, అది పేరు దొరకకపోవడమే.

అందుకే ఒక కెర్నల్ మాడ్యూల్ రాసేవారు ఫైండ్_వీపిడ్‌కు బదులు, హోస్ట్ నేమ్‌స్పేస్‌ను నేరుగా ఇచ్చి వెతికితే నష్టం మూడు రకాలుగా వస్తుంది. కంటైనర్‌లోని ప్రోగ్రాము 12 అని అడిగితే హోస్ట్‌లోని 12 చేతికొస్తుంది, సిగ్నల్ ఎవరికో తగులుతుంది. హోస్ట్‌లో ఆ నంబరు లేకపోతే ‘లేదు’ అని తప్పు జవాబు వెళ్తుంది, తన గ్రూపును తానే ఆపలేని స్థితి. మూడోది బయటికి కనబడదు గానీ తక్కువదేమీ కాదు: ఒక నంబరుకు ‘లేదు’ అని, ఇంకో నంబరుకు ‘అనుమతి లేదు’ అని వేర్వేరు జవాబులు వస్తుంటే, సిగ్నల్ ఏదీ పంపకుండానే హోస్ట్‌లో ఏ నంబర్లు వాడుకలో ఉన్నాయో కంటైనర్‌లోంచి లెక్కపెట్టవచ్చు.

మొదటి రకం లోపం పరీక్షల్లో అంత సులువుగా బయటపడదు. పరీక్షలు చాలావరకు హోస్ట్‌లోనే నడుస్తాయి, అక్కడ రెండు రకాల వెతుకులాటా ఒకే జవాబు ఇస్తుంది.

## జవాబు చెప్పేటప్పుడు

బయటికి వెళ్ళే దారిలో ఇదే పని తిరగేసి జరుగుతుంది. కెర్నల్‌లో దీనికి మూడు చూపులున్నాయి: హోస్ట్ నుంచి కనబడే నంబరు, పిలిచినవాళ్ళకు కనబడే నంబరు, పేరు పెట్టి చెప్పిన ఒక నేమ్‌స్పేస్‌కు కనబడే నంబరు. గ్రూపు నంబరు చెప్పే గెట్‌పీజీఐడీ లాంటి పిలుపులకు రెండోది వాడతారు. ప్రాసెస్‌ల వివరాలను ఫైళ్ళుగా చూపే ప్రాక్ ఫైల్ సిస్టమ్‌కు మూడోది కావాలి, ఎందుకంటే ప్రాక్‌లో కనిపించే నంబర్లు చదివేవాళ్ళవి కావు, ఆ ప్రాక్‌ను మౌంట్ చేసిన (ఒక ఫోల్డర్‌గా తగిలించిన) నేమ్‌స్పేస్‌వి. కొత్త పీఐడీ నేమ్‌స్పేస్ తెరిచి ప్రాక్‌ను మళ్ళీ మౌంట్ చేయడం మరిచిపోతే, పీఎస్ చూపే నంబర్లు బయటివి, కిల్ అర్థం చేసుకునే నంబర్లు లోపలివి అవుతాయి. పీఎస్‌లో చూసి కిల్ కొడితే ‘అలాంటి ప్రాసెస్ లేదు’ అంటుంది, లేదా అంతకంటే చెడ్డగా, అదే నంబరున్న వేరే ప్రాసెస్ పోతుంది.

నంబరును తిరిగి ఇచ్చే ఫంక్షన్ నాలుగైదు లైన్లే గానీ, అందులో ఒక తనిఖీ దగ్గర ఆగి చూడాలి. అడిగిన నేమ్‌స్పేస్ రెండో అంతస్తుదైతే, వరుసలో ఆ అంతస్తుకు సంబంధించిన గడిని తీస్తారు. అక్కడితో ఆగితే సరిపోదు. ఒకే అంతస్తులో ఒకే హోస్ట్ మీద రెండు కంటైనర్లు పక్కపక్కనే ఉండవచ్చు. అంతస్తు ఒక్కటే కదా అని గడిలోని నంబరు ఇచ్చేస్తే, పక్క కంటైనర్ గ్రూపు నంబరు ఈ కంటైనర్‌కు తెలిసిపోతుంది. అందుకే గడిలో రాసి ఉన్న నేమ్‌స్పేస్, అడిగిన నేమ్‌స్పేస్ ఒకటేనా అని పోల్చి చూస్తారు. కాకపోతే జవాబు 0. ఆ ఒక్క పోలికే పక్కింటివాళ్ళ మధ్య గోడ.

ఒక ప్రాసెస్‌కు అంతస్తుకు ఒకటి చొప్పున ఉన్న నంబర్లన్నీ ఒకేచోట చూడాలంటే, 4.1 నుంచి ప్రాక్‌లోని స్టేటస్ ఫైలులో ఎన్ఎస్‌పిడ్, ఎన్ఎస్‌పీజీఐడీ లాంటి లైన్లు ఉన్నాయి. హోస్ట్ నుంచి కంటైనర్‌ను పరిశీలించేవాళ్ళకు ఇంతకంటే పనికొచ్చే ఫైలు లేదు.

## సున్నా, ఒకటి

ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే చిక్కు పెట్టే నంబర్లు 0, 1.

కొత్త నేమ్‌స్పేస్‌లో పుట్టిన మొదటి ప్రాసెస్ తన తల్లి ప్రాసెస్ గ్రూపునే వారసత్వంగా తెచ్చుకుంటుంది. ఆ గ్రూపు బయటిది. దానికి లోపల పేరు లేదు. కాబట్టి ఆ ప్రాసెస్ ‘నా గ్రూపు ఏది’ అని గెట్‌పీజీఆర్‌పీతో అడిగితే 0 వస్తుంది. ఇప్పుడు ఆ ప్రోగ్రాము తన గ్రూపు మొత్తానికీ సిగ్నల్ పంపాలనుకుంది. మామూలు పద్ధతి ప్రకారం గ్రూపు నంబరుకు ముందు మైనస్ గుర్తు పెట్టి కిల్‌ను పిలుస్తుంది. సున్నాకు మైనస్ పెట్టినా సున్నాయే. కిల్‌కు 0 ఇస్తే ‘నేనున్న గ్రూపు’ అని అర్థం. కెర్నల్ ఇక్కడ నంబరును వెతకదు, ప్రాసెస్ చేతిలో ఉన్న గ్రూపు వస్తువును నేరుగా తీసుకుంటుంది. ఆ వస్తువు బయటిది కాబట్టి, యూజర్ ఐడీ తనిఖీ దాటగలిగితే సిగ్నల్ నేమ్‌స్పేస్ దాటి బయటి ప్రాసెస్‌లకూ తగులుతుంది.

దీన్ని లోపం అనాలా? అంత తేలిగ్గా అనలేం. టెర్మినల్‌లో అన్‌షేర్ ఆదేశంతో ఒక ప్రోగ్రామును కొత్త నేమ్‌స్పేస్‌లో నడిపి, కంట్రోల్-సి నొక్కితే బయటి అన్‌షేర్, లోపలి ప్రోగ్రాము రెండూ ఆగాలనే ఎవరైనా కోరుకుంటారు. టెర్మినల్ కూడా తన ముందున్న గ్రూపును నంబరుగా కాక వస్తువుగానే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టే అది సాధ్యం. గ్రూపు నేమ్‌స్పేస్ సరిహద్దుకు అటూ ఇటూ పరచుకుని ఉండటాన్ని కెర్నల్ అనుమతించింది. ఆ సందును మూసే బాధ్యత కంటైనర్‌ను నడిపే ప్రోగ్రాముది. డాకర్ కింద పనిచేసే రన్‌సీ, లోపలి ప్రోగ్రామును మొదలుపెట్టే ముందే సెట్‌సిడ్ పిలిచి కొత్త సెషన్, కొత్త గ్రూపు తెరుస్తుంది. సొంతంగా చిన్న కంటైనర్ సాధనం రాసుకునేవాళ్ళు మరిచిపోయే అడుగు సరిగ్గా ఇదే.

సెట్‌సిడ్ పిలిచాక మొదటి ప్రాసెస్ గ్రూపు నంబరు లోపల 1 అవుతుంది. అక్కడ ఇంకో చిక్కు కాచుకుని ఉంది. 1కి మైనస్ పెడితే మైనస్ 1. కిల్‌కు మైనస్ 1 ఇస్తే 1వ గ్రూపు అని కాదు, ‘అందుబాటులో ఉన్న అన్ని ప్రాసెస్‌లూ’ అని అర్థం. పాత యూనిక్స్‌లో గ్రూపు 1 అంటే యంత్రం మొత్తానికీ మూలమైన ఇనిట్‌దే, దానికి సిగ్నల్ పంపాల్సిన అవసరం మామూలు ప్రోగ్రాములకు ఉండేది కాదు. కంటైనర్‌లో మామూలు వెబ్ సర్వర్ కూడా 1వ గ్రూపులో ఉండవచ్చు. తన గ్రూపుకు మాత్రమే పంపాలనుకున్న సిగ్నల్ కంటైనర్‌లో ఉన్న ప్రతి ప్రాసెస్‌కూ వెళ్తుంది, పంపిన ప్రాసెస్‌కూ నంబరు 1కీ మాత్రం వెళ్ళదు. కంటైనర్లలో నంబరు 1గా కూర్చునే టినీ, డంబ్-ఇనిట్ లాంటి చిన్న ప్రోగ్రాములు అసలు పనిని వేరే గ్రూపులో నడిపి, వచ్చిన సిగ్నల్‌ను ఆ గ్రూపుకు అందించగలవు. టినీలో దానికి ఒక ఆప్షన్ ఇవ్వాలి, డంబ్-ఇనిట్ మామూలుగానే ఆ పని చేస్తుంది.

## పేరు అడగని దారులు

మైనస్ 1 ఇచ్చినప్పుడు కెర్నల్ ఎవరినీ పేరుతో వెతకదు. యంత్రంలోని మొత్తం ప్రాసెస్‌ల జాబితా మీద ఒక చుట్టు తిరుగుతుంది. మొదట్లో ఆ చుట్టుకు నేమ్‌స్పేస్ గురించి ఏమీ తెలియదు. కంటైనర్ లోపల కిల్ మైనస్ 1 కొడితే సిగ్నల్ అన్ని నేమ్‌స్పేస్‌లలోని ప్రాసెస్‌లకూ వెళ్ళేది. 2008లో దాన్ని సరిచేశారు. సవరణ చాలా చిన్నది: ప్రతి ప్రాసెస్‌నూ ‘పిలిచినవాళ్ళకు నువ్వు ఏ నంబరుగా కనబడతావు’ అని అడగడం, ఆ నంబరు 1 కంటే ఎక్కువైతేనే సిగ్నల్ పంపడం. కనబడని ప్రాసెస్‌కు నంబరు 0 వస్తుంది, లోపలి ఇనిట్‌కు 1 వస్తుంది. ఒకే పోలికతో ఇద్దరూ పక్కకు తప్పుకుంటారు. జవాబుల దారి కోసం పెట్టిన ‘కనబడకపోతే 0’ అనే నియమం ఇక్కడ కాపలాకు పనికొచ్చింది.

ఏడేళ్ళ తర్వాత అదే రకం లోపం ఇంకో మూలన దొరికింది. సెట్‌ప్రయారిటీకి మూడు రకాలు: ఒక ప్రాసెస్‌కు, ఒక గ్రూపుకు, ఒక యూజర్‌కు చెందిన అన్ని ప్రాసెస్‌లకు. మొదటి రెండూ నంబరును ఫైండ్_వీపిడ్ దారిన వెతుకుతాయి కాబట్టి అవి సరిగానే ఉన్నాయి. మూడోది మాత్రం మొత్తం జాబితా మీద చుట్టు తిరిగి యూజర్ ఐడీ సరిపోయిన ప్రతిదాన్నీ మార్చేది. కంటైనర్‌లోని ప్రాసెస్ తన యూజర్ ఐడీతో హోస్ట్‌లో ఉన్నవాటి ప్రాధాన్యాన్ని కూడా మార్చగలిగేది. 2015లో దానికీ, డిస్క్ ప్రాధాన్యం పిలుపులకూ కలిపి అదే పోలికను జోడించారు: పిలిచినవాళ్ళకు కనబడకపోతే వదిలెయ్.

రెండు సంఘటనల్లోనూ గ్రూపును నంబరుతో వెతికే కోడ్ తప్పు చేయలేదు. తప్పు జరిగింది దాని పక్కనే ఉన్న, నంబరు అడగని కోడ్‌లో. నేమ్‌స్పేస్ భద్రతను పరిశీలించేవాళ్ళు ఫైండ్_వీపిడ్ పిలుపుల జాబితా చూసి సంతృప్తి పడకూడదు. ప్రాసెస్‌ల మొత్తం జాబితాను తిప్పే ప్రతి లూపునూ, గ్రూపును ఎప్పుడో దాచిపెట్టుకుని తర్వాత వాడే ప్రతి చోటునూ చూడాలి.

## దాచిన నంబరు: ఆటోఎఫ్ఎస్

గ్రూపును దాచిపెట్టుకునే చోట్లలో ఆటోఎఫ్ఎస్ మంచి ఉదాహరణ. ఎవరైనా ఒక ఫోల్డర్‌లోకి అడుగు పెట్టగానే అప్పటికప్పుడు అక్కడ డిస్క్‌ను మౌంట్ చేసే ఏర్పాటు ఇది. కెర్నల్‌లో ఉన్న భాగం ఆ అడుగును పసిగట్టి, వచ్చిన ప్రాసెస్‌ను ఆపి ఉంచి, కెర్నల్ బయట తెర వెనక నడిచే డీమన్ అనే ప్రోగ్రాముకు కబురు చేస్తుంది. డీమన్ మౌంట్ చేసి ‘అయింది’ అంటే ఆగిన ప్రాసెస్ ముందుకు వెళ్తుంది. లినక్స్‌లో సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ కూడా ఇదే ఏర్పాటును వాడుకుంటుంది.

మౌంట్ చేయాలంటే డీమన్ కూడా అదే ఫోల్డర్‌లోకి వెళ్ళాలి. దాన్నీ ఆపేస్తే, తన పని తానే పూర్తిచేయాలని తానే ఎదురుచూస్తూ డీమన్ అక్కడే ఉండిపోతుంది. అందుకే కెర్నల్ భాగం డీమన్ ఉన్న ప్రాసెస్ గ్రూపును గుర్తుపెట్టుకుంటుంది. ఆ గ్రూపువాళ్ళు వస్తే ఆపదు. గ్రూపు నంబరును మౌంట్ ఆప్షన్‌లో పీజీఆర్‌పీ అని ఇవ్వవచ్చు.

ఒకప్పుడు కెర్నల్ భాగం దాన్ని వట్టి నంబరుగానే దాచేది, వచ్చిన ప్రాసెస్ గ్రూపు నంబరును హోస్ట్ చూపుతో తీసి దానితో పోల్చేది. హోస్ట్‌లో నడిచే డీమన్‌కు అది సరిపోతుంది. డీమన్ కంటైనర్‌లో ఉంటే లెక్క తప్పుతుంది: ఆప్షన్‌లో ఇచ్చిన నంబరు, ఉదాహరణకు 35, లోపలిది. పోల్చే నంబరు బయటిది. రెండూ ఎప్పటికీ కలవవు, డీమన్‌ను కెర్నల్ బయటివాడిగా ఎంచి ఆపేస్తుంది. ఏ తప్పు సందేశమూ రాదు, ఫోల్డర్ తెరిచినవాళ్ళందరూ కదలకుండా నిలిచిపోతారు.

పీఐడీ నేమ్‌స్పేస్‌లు వచ్చిన కొన్నేళ్ళకు దీన్ని మార్చారు. ఇప్పుడు ఆప్షన్‌లో వచ్చిన నంబరును మౌంట్ జరిగే క్షణంలోనే, మౌంట్ చేసేవాళ్ళ నేమ్‌స్పేస్‌లో వెతికి, దొరికిన స్ట్రక్ట్ పిడ్‌ను దాచుకుంటారు. తర్వాత పోల్చేది వస్తువుతో వస్తువును. ఇంకో సగం పని డీమన్‌కు కబురు చేసేటప్పుడు ఉంది. ‘ఫలానా నంబరు ప్రాసెస్ వచ్చింది’ అని చెప్పే ఆ నంబరు డీమన్ నేమ్‌స్పేస్‌లోదై ఉండాలి. దాచుకున్న గ్రూపు వస్తువులోంచే ఆ నేమ్‌స్పేస్‌ను తీస్తారు. వచ్చిన ప్రాసెస్ డీమన్‌కు కనబడని నేమ్‌స్పేస్‌లోదైతే నంబరు 0 వస్తుంది, అప్పుడు కబురే పంపకుండా ‘లేదు’ అనే జవాబుతో తిప్పి పంపేస్తారు.

కెర్నల్‌లో ప్రాసెస్ గ్రూపుతో పని చేసే ఎవరికైనా ఈ మార్పు పాఠ్యపుస్తకం లాంటిది. నంబరును గడప దగ్గరే వస్తువుగా మార్చాలి, లోపల వస్తువునే దాచాలి, మళ్ళీ గడప దగ్గరే ఎదుటివాళ్ళ నంబరుగా మార్చాలి. మధ్యలో నంబరు ఎక్కడ నిలవ ఉన్నా అది ఏదో ఒకరోజు వేరే ఊరి 4-12 అవుతుంది.

## వడపోత పద్ధతి

ఇదే సమస్య ఎదురైన మిగతా యూనిక్స్ కెర్నళ్ళు వేరే దారి పట్టాయి. 2000లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.0 జైల్ అనే ఏర్పాటును తెచ్చింది. అందులో నంబర్ల వరుస యంత్రానికంతటికీ ఒకటే. జైలు లోపల పీఎస్ కొడితే కనిపించే నంబర్లు హోస్ట్ నంబర్లే, కాకపోతే లోపలివి మాత్రమే కనిపిస్తాయి. గ్రూపును ఉమ్మడి పట్టికలోనే వెతుకుతారు. సిగ్నల్ పంపేటప్పుడు గ్రూపులోని ఒక్కొక్కరి దగ్గరా ‘ఈ ప్రాసెస్‌ను పంపేవాళ్ళు తాకవచ్చా’ అని అడుగుతారు, జైలు తనిఖీ ఆ ప్రశ్నలోనే కలిసి ఉంటుంది.

2005 నాటి సొలారిస్ 10 జోన్లు మధ్యేమార్గం. నంబర్లు అక్కడ కూడా ఉమ్మడివే. అయితే గ్రూపును వెతికే ఫంక్షన్‌లోనే జోన్ తనిఖీ ఉంది. సొలారిస్ నుంచి వచ్చిన ఇల్యూమోస్ కోడ్‌లో పీజీఫైండ్_జోన్ అనే ఫంక్షన్, దొరికిన గ్రూపు అడిగిన జోన్‌దేనా అని చూసి, కాకపోతే దొరకనట్టే జవాబు ఇస్తుంది. పిలిచినవాళ్ళు మూల జోన్‌లో ఉంటే అన్ని జోన్లూ కనిపిస్తాయి.

ఫ్రీబీఎస్‌డీ, లినక్స్ పద్ధతుల్లో ఏది మేలన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ పద్ధతిలో గ్రూపు మీద మొదలైన సిగ్నల్ కూడా చివరికి ప్రతి సభ్యుడి దగ్గరా తనిఖీకి ఆగుతుంది, కాబట్టి లినక్స్‌లోని కిల్ 0 లాంటి సందుకు చోటు తక్కువ. లినక్స్ పద్ధతిలో నంబర్లు స్వతంత్రం కాబట్టి, ఒక కంటైనర్‌ను ఆపి, ఇంకో యంత్రం మీద అవే నంబర్లతో తిరిగి లేపడం కుదురుతుంది. ఓపెన్‌వీజెడ్ లాంటి ప్రాజెక్టులవాళ్ళు పీఐడీ నేమ్‌స్పేస్ కోసం అంతగా పట్టుబట్టడానికి ఒక ముఖ్య కారణం అదే. ఉమ్మడి నంబర్లున్న చోట, కొత్త యంత్రంలో 5333 అప్పటికే ఎవరికో ఇచ్చేసి ఉండవచ్చు.

## వాడేవాళ్ళ వైపు

కుబర్నెటిస్‌లో ఒక పాడ్‌లోని (కలిపి నడిపే కంటైనర్ల గుంపులోని) కంటైనర్లకు మామూలుగా ఎవరి పీఐడీ నేమ్‌స్పేస్ వాళ్ళదే. షేర్‌ప్రాసెస్‌నేమ్‌స్పేస్ అనే అమరికను ఆన్ చేస్తే పాడ్ మొత్తానికి ఒకటే అవుతుంది. 1.17 నుంచి అది స్థిరమైన సౌకర్యం. ఆన్ చేసిన క్షణం నుంచి ఒక కంటైనర్‌లోంచి ఇంకో కంటైనర్ గ్రూపు పేరు దొరుకుతుంది, మిగిలేది యూజర్ ఐడీ తనిఖీ ఒక్కటే. అసలు ప్రోగ్రాము నంబరు కూడా 1 కాకుండా పోతుంది, ఆ స్థానంలో పాడ్‌ను నిలబెట్టి ఉంచే పాజ్ కంటైనర్ కూర్చుంటుంది. ‘నా నంబరు 1’ అని నమ్మి రాసిన స్క్రిప్టులు అక్కడ దారి తప్పుతాయి.

ఎన్ఎస్ఎంటర్ అనే ఆదేశం వాడి, నడుస్తున్న కంటైనర్‌లోకి వెళ్ళేవాళ్ళూ గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. సెట్‌ఎన్ఎస్ అనే కెర్నల్ పిలుపుతో పీఐడీ నేమ్‌స్పేస్ మార్చుకున్నా పిలిచిన ప్రాసెస్ తన పాత చోటే ఉంటుంది, ఆ తర్వాత పుట్టే పిల్లలు మాత్రమే కొత్త చోటికి వెళ్తారు. కెర్నల్ లోపల కూడా ఈ రెండింటికీ రెండు వేర్వేరు గుర్తులున్నాయి. వెతకడానికి వాడాల్సింది ప్రాసెస్ ఇప్పుడున్న నేమ్‌స్పేస్, దాని పిల్లల కోసం పెట్టుకున్నది కాదు. లోపలికి వెళ్ళిన పిల్లకు వారసత్వంగా వచ్చేది బయటి గ్రూపే, కాబట్టి అక్కడ కూడా గెట్‌పీజీఆర్‌పీ 0 ఇస్తుంది.

## నంబరు లేని రోజులు

నంబరుతో వెతకడంలో నేమ్‌స్పేస్‌తో సంబంధం లేని ఇంకో పాత బలహీనత ఉంది. నంబరు చూసుకున్న క్షణానికీ సిగ్నల్ పంపిన క్షణానికీ మధ్య ఆ ప్రాసెస్ ముగిసి, అదే నంబరు వేరేవాళ్ళకు వెళ్ళిపోవచ్చు. దానికి విరుగుడుగా 2019లో పిడ్ఎఫ్‌డీ వచ్చింది. ఇది ప్రాసెస్‌ను పట్టుకునే ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచిన వస్తువును పట్టుకోవడానికి కెర్నల్ ఇచ్చే పిడి. 5.1లో దాని ద్వారా సిగ్నల్ పంపే పిలుపు, 5.3లో దాన్ని తెరిచే పిలుపు చేరాయి. 2024లో 6.9 కెర్నల్ ఇంకో అడుగు వేసింది: పిడ్ఎఫ్‌డీ చూపే ప్రాసెస్ నడిపే గ్రూపు మొత్తానికి సిగ్నల్ పంపమని ఇప్పుడు ఒక ఫ్లాగ్‌తో చెప్పవచ్చు.

ఫైల్ డిస్క్రిప్టర్‌ను యూనిక్స్ సాకెట్ మీదుగా ఎవరికైనా అందించవచ్చు. హోస్ట్‌లో తెరిచిన పిడ్ఎఫ్‌డీ ఒకటి కంటైనర్ లోపలి ప్రాసెస్ చేతికి చేరవచ్చు. అప్పుడు పేరు వెతికే అవసరమే లేదు, వస్తువు నేరుగా చేతిలో ఉంది. ఫైండ్_వీపిడ్ అనే గోడ ఈ దారిలో అసలు తగలదు. అందుకే పిడ్ఎఫ్‌డీతో సిగ్నల్ పంపే కోడ్‌లో ఆ గోడను విడిగా కట్టారు: పిడ్ఎఫ్‌డీ చూపే ప్రాసెస్ నేమ్‌స్పేస్ నుంచి మొదలుపెట్టి, తల్లి నేమ్‌స్పేస్, దాని తల్లి, అలా మెట్టు మెట్టుగా మూలం దాకా వెళ్తూ, పిలిచినవాళ్ళ నేమ్‌స్పేస్ ఆ వరుసలో ఎక్కడైనా ఎదురవుతుందా అని చూస్తారు. ఎదురైతే సిగ్నల్ వెళ్తుంది. మూలం దాకా వెళ్ళినా ఎదురుకాకపోతే, చేతిలో పిడ్ఎఫ్‌డీ ఉన్నా కెర్నల్ ఈఐఎన్‌వీఏఎల్ (చెల్లని విలువ) అని తిప్పి పంపుతుంది.